మజూరీ లెక్క ఎక్కడ భద్రం?



చీరాల నుంచి బాపట్ల వైపు 216వ నంబరు జాతీయ రహదారి మీద బయల్దేరితే కాసేపటికే ఈపురుపాలెం వస్తుంది. విజయవాడ–చెన్నై రైలు మార్గంలో ఆ ఊరి పేరుతో ఒక చిన్న స్టేషను కూడా ఉంది. చీరాల, జాండ్రపేట, వేటపాలెం లాగే ఇదీ మగ్గం మీద బతికే ఊరు. వీధిలో నడుస్తుంటే మగ్గం చప్పుడు వినిపిస్తుంది, కొన్ని గుమ్మాల ముందు నూలు ఆరేసి ఉంటుంది. ఇవాళ ఆ చీరల వెనక నడిచే లెక్కల గురించి, ఆ లెక్కలను మనం ఎలా దాచుకుంటున్నామన్న దాని గురించి మాట్లాడాలని వచ్చాను. ఈపురుపాలెం మగ్గాల దగ్గర చెప్పే ఈ మాట తెనాలి బంగారం కొట్టుకూ, బాపట్ల ఎరువుల దుకాణానికీ, రేపల్లె రొయ్యల వ్యాపారికీ కూడా వర్తిస్తుంది.

డేటా అనగానే ఏదో పెద్ద కంపెనీల వ్యవహారం అనుకుంటాం. నేతగాళ్లకు నూలిచ్చి చీరలు నేయించే ఒక మాస్టర్ వీవర్ పద్దుల పుస్తకంలో ఒకే ఒక్క పేజీ తెరిచి చూడండి. పైన నేతగాడి పేరు. కింద ఎన్ని చీరలకు పడుగు ఇచ్చారు, పేకకు నూలెంత, పట్టెంత, జరీ ఎంత తూకం. ఏ తేదీన ఎన్ని చీరలు దింపాడు. చీరకు మజూరీ ఎంత. అందులో పాత అడ్వాన్సు కింద ఎంత పట్టుకున్నారు, చేతికి ఎంత ఇచ్చారు. పక్కన చిన్న అక్షరాలతో, పిల్ల పెళ్లికి తీసుకున్న అప్పు, ఆసుపత్రికి తీసుకున్న అప్పు. ఒక కుటుంబం మూడు నాలుగేళ్ల జీవితం ఆ పేజీలో ఉంటుంది. డేటా అంటే ఇదే.

ఈ పేజీ ఇప్పుడు ఎక్కడుంది? ఒకప్పుడు చిట్టా, ఆవర్జా ఉండేవి. ఏ రోజు పద్దు ఆ రోజు చిట్టాలోకి ఎక్కేది, అక్కడి నుంచి పేరు పేరునా ఆవర్జాలోకి. పెట్టెలో పెట్టి తాళం వేసేవారు. ఇప్పుడు అమ్మకాల బిల్లులు కంప్యూటర్‌లో టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. మజూరీ లెక్క ఇంకా నోట్ పుస్తకంలోనే ఉంటుంది. ఆర్డర్లు, డిజైన్ల ఫొటోలు, నేతగాళ్ల ఆధార్, బ్యాంకు పాస్ పుస్తకం ఫొటోలు యజమాని ఫోనులో వాట్సాప్‌లో ఉంటాయి. జీఎస్టీ పోర్టల్ పాస్‌వర్డ్ అకౌంటెంటు దగ్గర ఉంటుంది. అంటే వ్యాపారం నాలుగు ముక్కలై నాలుగు చోట్ల ఉంది. ఏ ముక్క పోయినా మిగతావి కుంటుతాయి. ఎక్కడెక్కడ ఏముందో ఒక కాగితం మీద రాసిపెట్టుకున్న దుకాణాలు మన ప్రాంతంలో ఎన్ని ఉంటాయో మీరే ఆలోచించండి. ఒక్క పైసా ఖర్చు లేకుండా చేయగల మొదటి పని ఆ కాగితం రాయడమే.

మగ్గానికీ డేటాకూ ఉన్న చుట్టరికం చాలా పాతది. ఫ్రాన్సులో లియోన్ పట్టణానికి చెందిన జోసెఫ్ మరీ జాకార్డ్ 1804 ప్రాంతంలో రంధ్రాల అట్టలతో నడిచే మగ్గాన్ని తెచ్చాడు. రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్కో అట్ట ఒక్కో పేక పోగుకు. అలా వందల అట్టలు వరుసగా కుట్టి తగిలిస్తే అంచు మీద హంస వస్తుంది, కొంగు మీద మామిడి పిందె వస్తుంది. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆ అట్టల పద్ధతినే ఎంచుకున్నాడు. అమెరికాలో 1890 జనాభా లెక్కలను హెర్మన్ హాలరిత్ రంధ్రాల కార్డులతోనే లెక్కించాడు. కంప్యూటర్ల తొలి రోజుల్లో సమాచారం అలాంటి కార్డుల మీదే ఉండేది. కాబట్టి మన నేతగాడికి డేటా కొత్త కాదు, అతని తల మీద జాకార్డు పెట్టెలో వేలాడుతున్నది అదే. ఆ అట్టలు చెమ్మకు మెత్తబడితే, ఎలుకలు కొరికితే డిజైను పోయినట్టే, మళ్లీ గ్రాఫ్ గీయించి అట్టలు కొట్టించాలి. ఇప్పుడు డిజైను కంప్యూటర్‌లో గీస్తున్నారు. మరి ఆ ఫైలు ఎన్ని చోట్ల ఉంది? చాలాసార్లు ఒకే ఒక్క పెన్ డ్రైవ్‌లో, అదీ డిజైనర్ జేబులో.

డేటాకు ముప్పు అంటే మనం వెంటనే హ్యాకర్లు అంటాం. మన తీరంలో మొదటి శత్రువు నీళ్లు. 1977 నవంబరు ఉప్పెనను దివిసీమ, రేపల్లె, నిజాంపట్నం ప్రాంతాల్లో ఇప్పటికీ తలచుకుని ఉలిక్కిపడే పెద్దలున్నారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గట్టి వాన పడితే గుంట మగ్గాల్లోకి నీళ్లు ఊరుతాయి, గుంట ఆరేదాకా నేత ఆగిపోతుంది. ఆ మగ్గాల ఇళ్ల మధ్యే ఉన్న ఆఫీసు గదిలో కంప్యూటర్ సీపీయూ టేబుల్ కింద నేల మీద ఉంటుంది. కొన్నప్పుడు కొట్టువాడు అక్కడ పెట్టాడు, అప్పటి నుంచీ అక్కడే. దాన్ని ఎత్తి టేబుల్ మీద పెట్టడానికి ఏ నిపుణుడూ అక్కర్లేదు.

నీళ్ల తరువాత ఉప్పుగాలి, ఆ తరువాత నూలు నుసి. సముద్రం దగ్గర్లో ఉన్నచోట ఇనుప భాగాలు త్వరగా తుప్పు పడతాయి. మగ్గాల దగ్గర గాలిలో తేలే నుసి కంప్యూటర్ ఫ్యాను రెక్కలకు చుట్టుకుని దట్టంగా పేరుకుంటుంది. గాలి ఆడక యంత్రం వేడెక్కుతుంది, నెమ్మదిస్తుంది, ఒకరోజు ఆగిపోతుంది. వైరస్ అనుకుని రిపేరు షాపుకు తీసుకెళ్తారు. మూత విప్పితే కనిపించేది నుసి. రెండు మూడు నెలలకోసారి యంత్రం ఆపి, ప్లగ్ తీసి, బ్లోయరుతో శుభ్రం చేయిస్తే దాని ఆయుష్షు పెరుగుతుంది.

ఇక మనుషులు చేసే దొంగతనం సంగతి. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. కంప్యూటర్‌లోని ఫైళ్లకు అది తాళం వేసి, తాళంచెవి కావాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. ఇంగ్లండు ఆసుపత్రులు ఇబ్బంది పడ్డాయి. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఇందులో మనసుకు కష్టం కలిగించే విషయం ఏమిటంటే, అది చొరబడిన విండోస్ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు, తరువాత చూద్దాంలే అన్నవాళ్లు చిక్కుకున్నారు.

2024 జులై చివర్లో సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అనే సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలు అందించే సంస్థ అది. దాని మీద ఆధారపడిన సుమారు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ లాంటి చెల్లింపులు తాత్కాలికంగా ఆగాయి. దాడి బ్యాంకు మీద కూడా కాదు, బ్యాంకుకు పనిచేసి పెట్టే మరో సంస్థ మీద. మన వ్యాపారాల్లో ఆ మరో సంస్థ స్థానంలో ఎవరున్నారు? పది దుకాణాల లెక్కలు ఒకే ల్యాప్‌టాప్‌లో రాసే అకౌంటెంటు. ఆయన మంచివాడే, నమ్మకస్థుడే. కానీ ఆయన ల్యాప్‌టాప్ బస్సులో పోయినా, పాడైనా పది దుకాణాల లెక్కలూ ఒకేసారి పోతాయి. అందుకే టాలీ డేటా కాపీ ప్రతి నెలా మీ దగ్గరికి రావాలని ముందే మాట్లాడుకోండి. జీఎస్టీ లాగిన్‌కు మీ ఫోను నంబరు, మీ ఈమెయిల్ ఇచ్చి ఉన్నారో లేదో చూసుకోండి. చాలాచోట్ల అకౌంటెంటువే ఉంటాయి. ఆయన పని మానేసిన రోజున వ్యాపారి తన పోర్టల్‌లోకి తానే వెళ్లలేడు. అడిగితే అకౌంటెంటు నొచ్చుకుంటారేమోనన్న మొహమాటం వద్దు.

అకౌంటెంటు నుంచి కాపీ తెచ్చుకోవడానికి చట్టం వైపు నుంచి కూడా ఒక కారణం ఉంది. జీఎస్టీలో నమోదైన వ్యాపారి తన లెక్కల పుస్తకాలను ఆ ఏడాది వార్షిక రిటర్నుకు గడువు తేదీ నుంచి 72 నెలలు, అంటే ఆరేళ్లు దాచాలి. అన్నీ పోర్టల్‌లో ఉన్నాయి కదా అనుకుంటారు. పోర్టల్‌లో ఉండేది మీరు పంపిన రిటర్ను. మీ మజూరీ పుస్తకం ప్రభుత్వం దగ్గర లేదు. కొనుగోలు బిల్లుల్లో ఒక చిక్కు కూడా ఉంది. చిన్న మిషను నుంచి చీటీలా వచ్చే థర్మల్ కాగితం బిల్లు మీద సిరా ఉండదు, వేడికి కాగితమే నల్లబడి అక్షరం అవుతుంది. మన ఎండలకు బీరువాలో పెట్టినా కొన్ని నెలల్లో తెల్లబడిపోతుంది. అలాంటి బిల్లు చేతికి రాగానే ఫొటో తీసి పెట్టుకోవాలి.

కాపీ ఎలా దాచాలి? ఫొటోగ్రాఫర్ల ద్వారా ప్రచారంలోకి వచ్చి తరువాత అన్ని రంగాలవాళ్లూ పాటిస్తున్న పద్ధతి ఒకటుంది. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. దీన్ని మన పద్ధతిలో చెప్పుకుందాం. అసలు లెక్క కంప్యూటర్‌లో ఉంటుంది. రెండోది ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో. మూడోది క్లౌడ్‌లో, లేదా తెనాలిలో ఉన్న అమ్మాయి ఇంటి బీరువాలో ఇంకో డిస్కుగా. గూగుల్ ఖాతాకు ఉచితంగా 15 జీబీ చోటు వస్తుంది, ఒక చిన్న దుకాణం టాలీ డేటాకు అది బాగా సరిపోతుంది. క్లౌడ్‌లోకి పంపే ఫైలుకు ముందుగా పాస్‌వర్డ్ పెట్టండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. బ్యాకప్ డిస్కును కంప్యూటర్‌కే ఎప్పుడూ తగిలించి ఉంచుతారు. రాన్సమ్‌వేర్ వస్తే కంప్యూటర్‌తోపాటు తగిలించి ఉన్న డిస్కులోని ఫైళ్లకు కూడా తాళం పడుతుంది. పిడుగు పడి కరెంటు ఎగదన్నితే రెండూ కలిసే కాలిపోవచ్చు. కాపీ అవగానే డిస్కు తీసి లోపల పెట్టాలి. ఎప్పుడు చేయాలన్నది గుర్తుండదు అంటారు. వారానికోసారి మజూరీ తేల్చి డబ్బు పంచే రోజు ఉంటుంది కదా, ఆ రోజును ఎవరూ మర్చిపోరు, నేతగాళ్లు మర్చిపోనివ్వరు. చివరి మనిషికి డబ్బు ఇచ్చాక కాపీ తీయడం కూడా ఆ రోజు పనిలోనే కలిపేయండి. ఆరు నెలలకోసారి ఆ కాపీని ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. ఏళ్ల తరబడి బ్యాకప్ తీసి, అవసరం పడిన రోజున అది తెరుచుకోకపోతే ఆ శ్రమంతా వృథా.

ఇప్పుడు ఏం కొనాలన్న ప్రశ్న. నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. చిన్న వ్యాపారానికి మంచి టెక్నాలజీ అంటే, పాడైన మర్నాడు మళ్లీ నిలబెట్టుకోగలిగినది. కొట్టువాడు చూపించే మెరుపులన్నీ దాని తరువాతే. కొత్తగా కొంటున్నవాళ్లు డెస్క్‌టాప్ కన్నా మధ్యరకం ల్యాప్‌టాప్ తీసుకోవడం మేలు. కరెంటు పోయినా బ్యాటరీ మీద బిల్లు పూర్తవుతుంది. తుఫాను హెచ్చరిక వస్తే చంకన పెట్టుకుని వెళ్లిపోవచ్చు. డెస్క్‌టాపే ఉంటే యూపీఎస్ తప్పనిసరి. టాలీలో పద్దు రాస్తుండగా కరెంటు పోతే ఆ డేటా దెబ్బతినే ప్రమాదం ఉంది. ప్రింటర్ విషయంలో చవకగా వస్తుందని ఇంకు ప్రింటర్ కొంటారు. వారానికి నాలుగు బిల్లులు తీసే చోట ఇంకు ఎండి మూసుకుపోతుంది. లేజర్ ప్రింటర్‌లో ఉండేది పొడి, అది ఎండిపోదు. రంగు అక్కర్లేని చోట అదే మేలు.

పాత కంప్యూటర్లున్నవాళ్లు ఒక తేదీ గుర్తుపెట్టుకోవాలి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. వానాక్రై కథ విన్నాక దీని అర్థం మీకు తెలుసు. ఆ యంత్రం విండోస్ 11కు పనికొస్తుందేమో అడిగి చూడండి. కుదరకపోతే దానిలో బ్యాంకు పని, ఈమెయిలు మానేయండి. సెకండ్ హ్యాండు కంప్యూటర్‌తోపాటు దొంగ విండోస్, దొంగ టాలీ వేసి ఇస్తే మాత్రం వద్దనండి. తాళం పగలగొట్టిన ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎవరేం దూర్చారో మనకు తెలియదు.

ఫోను సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి ఆఫీసంతా ఫోనే. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అని, వాహనానికి చలానా పడిందని, పీఎం కిసాన్ డబ్బు వచ్చిందని ఒక ఫైలు వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటుంది. శుభలేఖ అయితే ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, ఏపీకే అంటే అది ఫోనులో ఎక్కే యాప్. దాన్ని నొక్కి, అడిగినవాటికల్లా సరే అంటే మీ మెసేజీలు చదివే అధికారం దానికి ఇచ్చినట్టే. బ్యాంకు ఓటీపీ మీ కంటే ముందు వాళ్లు చూస్తారు. వాట్సాప్ సెట్టింగుల్లో టూ స్టెప్ వెరిఫికేషన్ అని ఉంటుంది, అందులో ఆరంకెల పిన్ పెట్టుకోండి. లింక్డ్ డివైసెస్‌లో మీరు ఎరగని కంప్యూటర్ కనిపిస్తే తీసేయండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పరుగెత్తుతుంది, ఎంత త్వరగా చెబితే దాన్ని అంత దగ్గర్లో ఆపగలరు. సిగ్గుపడి రెండు రోజులు దాచుకుంటే చేయి దాటిపోతుంది.

అన్నిటికన్నా తక్కువగా పట్టించుకునేది నేతగాళ్ల కాగితాల సంగతి. పథకానికనో, బ్యాంకులో మజూరీ వేయడానికనో ఆధార్, పాస్ పుస్తకం ఫొటోలు తీసుకుంటారు. అవి యజమాని ఫోను గ్యాలరీలో, జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో, ఎవరెవరో ఉన్న గ్రూపుల్లో ఏళ్ల తరబడి పడి ఉంటాయి. 2023 ఆగస్టులో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం చేసింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. సమాచారాన్ని కాపాడే ఏర్పాట్లు చేయకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చని ఆ చట్టం చెబుతోంది. చట్టం సంగతి అలా ఉంచండి. నేతగాడు మనల్ని నమ్మి ఇచ్చిన కాగితం అది. ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లోనే మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. అది చాలిన చోట అదే తీసుకోండి. పని అయిపోయాక ఫొటోలు తుడిచేయండి. జిరాక్స్ షాపులో మీ ఫైలు డిలీట్ చేసేదాకా అక్కడే నిలబడండి.

కాగితం భద్రంగా దాచడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. ఈపురుపాలేనికి దగ్గర్లోనే, వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. ఎప్పటివో పాత పత్రికలను అక్కడ దాచిపెడితే, పరిశోధకులు ఊళ్లు దాటి వచ్చి వాటిని చదువుకున్నారు. అది పెద్ద డబ్బున్న సంస్థ నిలబెట్టింది కాదు, ఊరివాళ్ల పట్టుదల నిలబెట్టింది.

లెక్క పోతే ఎవరికి ఎక్కువ నష్టమో కూడా చూడాలి. మాస్టర్ వీవర్ పద్దులు తుఫానులో కొట్టుకుపోతే ఆయనకు వ్యాపారం కొన్నాళ్లు తడబడుతుంది. నేతగాడికి మాత్రం తాను దింపిన చీరలకూ, తీర్చిన అడ్వాన్సుకూ సాక్ష్యమే ఉండదు. ఎవరి జ్ఞాపకం గట్టిదో, ఎవరి గొంతు పెద్దదో ఆ లెక్కే నిలుస్తుంది. అందుచేత మాస్టర్ వీవర్లకూ, సొసైటీల పెద్దలకూ నా విన్నపం ఒకటే. వచ్చే మజూరీ రోజున ప్రతి నేతగాడికీ అతని లెక్క ప్రింటు తీసి చేతికివ్వండి, లేదా అతని ఫోనుకు పంపండి. అడ్వాన్సు ఎంత తీరింది, ఎంత మిగిలింది, రెండు వైపులా ఒకే అంకె ఉండాలి. నేతన్నలారా, వాళ్లు ఇవ్వకపోతే మీరే అడిగి తీసుకోండి. అది మీ హక్కు.